నోరీన్ గారి సొట్టలు

ఎల్క్ బెండ్ కండల కార్ల, అనగా పాతకాలపు మజిల్ కార్ల, పరిరక్షణ సంఘం తరఫున ప్రజలందరికీ సవినయంగా తెలియజేయడమేమనగా, మా సభ్యులు డెల్మర్ వాండర్‌వీన్ గారి 1970 నాటి టొమాహాక్ కారుకు ఈ వేసవి ప్రదర్శనలో నూటికి నూరు మార్కులు వచ్చాయి. మిషిగన్ రాష్ట్రం మొత్తమ్మీద ఈ ఘనత సాధించిన మొట్టమొదటి టొమాహాక్ ఇదే. ఆ కారు నడవదు. మార్కులకూ నడకకూ ఏ సంబంధమూ లేదు కాబట్టి ఆ సంగతిని ఎవరూ పట్టించుకోనవసరం లేదు.

ఆ రోజు మైదానంలో జరిగిన గొడవ గురించి ఊళ్ళో ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పుకుంటున్నారు. సంఘానికి కార్యదర్శిని నేనే కనుక, జరిగింది జరిగినట్టు రాసే భారం నా నెత్తిన పడింది. ఎవరినీ తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ముఖ్యంగా డెల్మర్ భార్య నోరీన్ గారిని. ఆవిడ రూబార్బ్ కాడలు పెట్టి కాల్చే ‘పై’ అనే తీపి వంటకం మా సంఘానికి ఆయువుపట్టు.

ముందుగా ఒక చిన్న సవరణ. ఆ కారు డెల్మర్‌ది కాదు, నోరీన్‌ది. పెళ్ళికి ముందు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన జీతంతో ఆవిడే కొనుక్కుంది. బీట్‌దుంపల రైతు కూతురు. ట్రాక్టరు చెడిపోతే వాళ్ళ నాన్న మెకానిక్కును కాదు, ఈవిణ్ణి కేకేసేవాడట. అలాంటి మనిషి టొమాహాక్ కొని ఊరంతా హోరెత్తిస్తుంటే డెల్మర్ చూసి మనసు పారేసుకున్నాడు. ఆవిడ మీద పారేసుకున్నాడా, బండి మీదా అన్నది అప్పట్లో ఎవరికీ తెలియదు. పెళ్ళయ్యాక అందరికీ తెలిసింది.

ఆ కారును ఆవిడ వాడిన వాడకం తలుచుకుంటే మా సంఘ సభ్యులకు ఇప్పటికీ గుండె దడ వస్తుంది. వానలో నడిపింది. చలికాలంలో మంచు కరగడానికి మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఇనుమును తినేసే ఆ ఉప్పులోనూ నడిపింది. జింక అడ్డమొస్తే డ్రైవరు వైపుండే ఎడమ డోరుకు పెద్ద సొట్ట పడింది. చెల్లెలు సిగరెట్టుతో సీటు కాల్చింది. కారుతో వచ్చిన రేడియో నచ్చక వేరే రేడియో బిగించింది. ఇంజను పోతే ఇంకో ఇంజను తెచ్చి, దుంపల కొట్టంలో గొలుసులు కట్టి తనే ఎక్కించుకుంది. ప్రతి ఆదివారం హ్యూరాన్ సరస్సు ఒడ్డున దీపస్తంభం దాకా వెళ్ళి, వేయించిన చేప తిని వచ్చేది. ఒక్క మాటలో చెప్పాలంటే, కారును కారులా వాడుకుంది. తర్వాత పిల్లలు పుట్టారు, వెనక సీటు చాల్లేదు, టొమాహాక్ కొట్టంలోకి వెళ్ళింది.

ఉద్యోగ విరమణ చేశాక డెల్మర్ మా సంఘంలో చేరాడు. చేరిన రోజునే, "మా టొమాహాక్‌ను మళ్ళీ బతికిస్తాను" అని ప్రకటించాడు. నోరీన్ ఆనందం పట్టలేక సంఘమంతటికీ పై చేసి తెచ్చింది.

"బతికించండయ్యా, మీకు పుణ్యముంటుంది. మళ్ళీ దీపస్తంభం దాకా నడుపుకుంటూ వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో మనసు పీకుతోంది" అంది.

మేము తలలూపి పై తిన్నాం. బాగు చెయ్యడం వేరు, నడపడం వేరు అని ఆవిడకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నోట్లో పై ఉంది మరి.

మా నియమావళి చాలా సులభం. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. అంటే దాన్ని ఎవరూ కొననట్టు, ఎవరూ ఎక్కనట్టు, దానికి బతుకంటూ ఏదీ లేనట్టు ఉండాలి. మా అధ్యక్షులు, ప్రధాన న్యాయనిర్ణేత అయిన క్లిఫర్డ్ ప్రూయిట్ గారు ఈ ధర్మాన్ని మొదటి రోజే డెల్మర్‌కు బోధించారు.

"మిత్రమా, యజమాని చేసింది దోషం, ఫ్యాక్టరీ చేసింది చరిత్ర. మనం దోషాన్ని తొలగించాలి, చరిత్రను నిలబెట్టాలి. ఈ మహత్కార్యంలో కుటుంబ సభ్యుల మనోభావాలు అడ్డు వస్తాయి. వాటిని గ్యారేజీ బయటే వదిలెయ్యాలి."

డెల్మర్ వెంటనే వదిలేశాడు. నోరీన్ సొట్ట పడ్డ డోరు ఊడింది. చెల్లెలు కాల్చిన సీటు ఊడింది. రేడియో, చక్రాలు, బోనెట్, అద్దాలు, ఒకటేమిటి, ఆవిడ చెయ్యి తగిలిన ప్రతి వస్తువూ దోషమే. వాటి బదులు ఒహాయో నుంచి, టెన్నెసీ నుంచి, ఎవరి చెయ్యీ తగలని వస్తువులు అట్టపెట్టెల్లో దిగుమతి అయ్యాయి. ఇంజను దగ్గర కాస్త చిక్కొచ్చింది. కారు నంబరూ ఇంజను నంబరూ కలవాలి. ఆ నంబరు ఇంజను ఏనాడో తుక్కులో కలిసిపోయింది. డెల్మర్ ఇంకో ఇంజను కొని, దాని మీద పాత నంబరు అరగదీయించి, కావలసిన నంబరు చెక్కించాడు. బయటి ప్రపంచంలో దీన్ని ఏమంటారో మీకు తెలియనిది కాదు. మా సంఘంలో పునరుద్ధరణ అంటారు.

అసలు కష్టం పెయింటు దగ్గర మొదలైంది. శాగినా నుంచి వచ్చిన పెయింటరు అద్దంలా వేసి వెళ్ళాడు. క్లిఫర్డ్ గారు చూసి పెదవి విరిచారు.

"ఇంత నున్నగా ఆ రోజుల్లో ఎవడు వేశాడయ్యా? సాయంత్రం గంట ఎప్పుడు కొడతారా అని చూస్తూ వేసిన రంగది. కారాలి. డోరు కింద మూడు చోట్ల కారాలి."

పెయింటరును మళ్ళీ పిలిపించారు. జన్మలో ఒక్క చుక్క కూడా కారకుండా వేసి పేరు తెచ్చుకున్న మనిషి అతను. కారేలా వెయ్యమంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మొదటిసారి ఇచ్చినదానికి డబుల్ ఇస్తామంటే పాపం ఒప్పుకున్నాడు.

ఎక్కడ కారాలో, ఎంత కారాలో ఎవరు చెప్పాలి? అందుకు మా ఊళ్ళో స్టాన్లీ వోయ్‌చిక్ గారున్నారు. టొమాహాక్‌లు తయారైన ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళలో ఇప్పటికి మిగిలిన పెద్దాయన ఆయనొక్కడే. ఏం పని చేశాడో ఆయనకే సరిగ్గా గుర్తు లేదు. ఒకరోజు డోర్లు బిగించానంటాడు, ఇంకోరోజు క్యాంటీన్లో సాసేజీలు వడ్డించానంటాడు. అయినా మేము ఆయన్ను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిస్తే చాలు రాసుకుంటాం.

"స్టాన్లీ గారూ, ఎడమ డోరుకూ బాడీకీ మధ్య సందు ఎంతుండాలి?" అని డెల్మర్ అడిగాడు.

"వేలు పట్టాలిరా అబ్బాయ్."

"ఏ వేలండీ?"

"నీ వేలే. నా వేలు నాకు కావాలి."

మర్నాడు అడిగితే, సందే ఉండేది కాదు, సుత్తితో కొట్టి మూసేవాళ్ళం అన్నాడు. క్లిఫర్డ్ గారు దీర్ఘంగా ఆలోచించి, రెండూ చారిత్రక సత్యాలేనని తీర్పిచ్చారు. డెల్మర్ డోరు పైభాగంలో వేలు పట్టేలా వదిలి, కిందిభాగం సుత్తితో కొట్టి మూశాడు. ఆ డోరిప్పుడు తెరుచుకోదు. దానికి ఒక్క మార్కు కూడా తగ్గలేదు.

బ్రేకుల్లో పోసే నూనె పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది కాబట్టి బ్రేకుల్లో నూనె పోయలేదు. పెట్రోలు కంపు కొడుతుంది కాబట్టి ట్యాంకు ఎండబెట్టారు. టైర్లు ఆనాటి నమూనాలో పోయించినవి. చూడ్డానికే తప్ప నడపడానికి పనికిరావని చేసినవాడే చెప్పి మరీ అమ్మాడు. బండిని బండి మీద ఎక్కించి ప్రదర్శనకు తీసుకెళ్ళడం, దాని వెనక మడతకుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చోవడం, మళ్ళీ ఎక్కించి తెచ్చుకోవడం. ఇంతకన్నా ఆనందం మగవాడి జీవితంలో ఏముంటుంది చెప్పండి?

నోరీన్ మాత్రం ప్రతి వసంతంలోనూ ఒకే మాట అడిగేది. "ఎప్పుడు నడపనిస్తావు?" డెల్మర్ కూడా ప్రతి వసంతంలోనూ ఒకే జవాబు చెప్పేవాడు. "మార్కులు రానీ."

ఈ ఏడు మంచు కరిగే రోజుల్లో వాళ్ళింట్లో భోజనానికి నన్ను పిలిచారు. నోరీన్ పొయ్యి దగ్గర నిలబడి చేపలు వేయిస్తూ, మా వైపు తిరక్కుండానే చెప్పింది.

"కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. చూపు నడిమధ్య మసక కమ్ముతోందట. ఈ వేసవి వరకూ పగటిపూట నడుపుకోవచ్చన్నాడు. ఆ తర్వాత లైసెన్సు తిరిగి ఇచ్చేయాలి. ఇదే నాకు ఆఖరు వేసవి, డెల్మర్."

"అయ్యో, అంత మాటనకే! ఆగస్టులో ప్రదర్శన కానీ."

"అయ్యాక?"

"అయ్యాక అమ్మేద్దాం. అరిజోనా నుంచి హెస్ అని ఒకాయన తెగ అడుగుతున్నాడు. నూరు మార్కులొస్తే అడిగినంత ఇస్తానన్నాడు. నువ్వు ఒక్క సంతకం పెడితే చాలు."

"నా కారు మీద."

"నీ కారే, కాదన్నదెవరు? అందుకేగా నీ సంతకం!"

చేప మాడుతోంది. నాకు ఆకలి వేస్తోంది, కాని ఆ సమయంలో చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆఖరికి నోరీన్ చేపను తిరగేసి, "సరేలే, పెడతాను" అంది. ఎంత ఇంగితం గల ఇల్లాలో అని నేను సంఘంలో మెచ్చుకున్నాను కూడా.

ఆ మెచ్చుకోలు కాస్త తొందరపాటని తర్వాత తేలింది. డెల్మర్ ఊడదీసిన ప్రతి వస్తువునూ తుక్కువాడికి వెయ్యమని భార్యకే అప్పజెప్పేవాడు. ఆవిడ ఒక్క మేకు కూడా వెయ్యలేదు. అన్నీ దుంపల కొట్టంలో పట్టా కింద దాచింది. భోజనం అయిన మర్నాడే పక్కూరి రైతు పొలంలో పడి ఉన్న ఇంకో టొమాహాక్ చట్రాన్ని, పైనున్న ఖాళీ బాడీతో సహా, కొనేసింది. అందులో కోళ్ళు కాపురముంటున్నాయి. వాటిని బుజ్జగించి దింపి, చట్రాన్ని ట్రాక్టరుతో కొట్టంలోకి లాగించింది. ఆ రోజు నుంచి ఆవిడ చేతులకు గ్రీజు వదల్లేదు. తన ఇంజను, తన డోరు, తన సీటు, తన రేడియో, ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చింది. స్టాన్లీ దీపం పట్టుకుని పక్కన నిలబడేవాడు. అందుకు కూలి, ఒక పై.

ఇంటి వెనకాల ఇంత జరుగుతుంటే డెల్మర్‌కు తెలియదా అని మీరడగవచ్చు. ఆ నెలల్లో ఆయన బోల్టుల తలల మీద ఆనాటి గుర్తులున్నాయో లేదో భూతద్దంతో చూసుకుంటున్నాడు. పెళ్ళాన్ని చూసే తీరికెక్కడిది? నేను మాత్రం చూశాను. చూసి, కార్యదర్శిగా నా ధర్మం ప్రకారం, "నోరీన్ గారు పాత ఇనుముతో కాలక్షేపం చేస్తున్నారు, ఆరోగ్యానికి మంచిదే" అని సమావేశంలో తెలియపరిచాను. సభ్యులు చప్పట్లు కొట్టారు.

ప్రదర్శన రోజు వచ్చింది. మైదానం నిండా కార్లు, వాటి వెనక మడతకుర్చీలు, కుర్చీల్లో మేము. ఒక్కొక్కరి చేతిలో ఈకల బ్రష్షు. ఈగ వాలితే ఈగను తోలుతాం, పిల్లవాడు వస్తే పిల్లవాణ్ణి తోలుతాం. క్లిఫర్డ్ గారు తెల్ల చేతితొడుగులు తొడుక్కుని, కారు కిందకు అద్దం తోసి, బోర్లా పడుకుని మరీ చూశారు. లేచి, ఒంటి మీది గడ్డి దులుపుకుని, గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! కారిన రంగు కారినట్టే ఉంది. వంకర డోరు వంకరగానే ఉంది. అర్ధశతాబ్దం కిందట చెయ్యవలసిన తప్పుల్లో ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు. మానవ ప్రయత్నం ఇంతకు మించి వెళ్ళలేదు. నూటికి నూరు!"

డెల్మర్ ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. అరిజోనా హెస్ గారు గడ్డి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు. కారు కాగితాలు బోనెట్ మీద పరిచారు, పెయింటు గీరుకోకుండా కింద మెత్తటి గుడ్డ వేసి. ఇక సంతకమే తరువాయి.

"నోరీన్ ఏదీ?" అన్నాడు డెల్మర్.

ముందు చప్పుడు వచ్చింది. ఆ తర్వాత పొగ. దాని వెనకాల టొమాహాక్. ఒక డోరు ఎరుపు, ఒక మడ్‌గార్డు ఆకుపచ్చ, బోనెట్ మీద ఎండకు వెలిసిన మచ్చలు, వెనక అద్దానికి ఇంకా ఒక కోడి ఈక అంటుకునే ఉంది. గేటులోంచి నేరుగా మైదానం నడిమధ్యకొచ్చి ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు. సొట్ట డోరు మీద మోచెయ్యి పెట్టుకుని నోరీన్, పక్క సీట్లో స్టాన్లీ, ఒళ్ళో పై.

కార్ల ప్రదర్శనలో ఒక కారు కదలడం మేమెప్పుడూ చూడలేదు. ఇద్దరు సభ్యులు కుర్చీలతో సహా వెనక్కి పడ్డారు.

హెస్ గారు మాట మధ్యలోనే డెల్మర్‌ను వదిలేసి ఆ బండి చుట్టూ ప్రదక్షిణం చేశారు. సొట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, ఇది... ఇది ఎవరూ ముట్టుకోని బండి!"

"ముట్టుకోకపోవడమేంటయ్యా? ఈ డోరుకు జింకను గుద్దింది నేను. ఆ సీటు కాల్చింది మా చెల్లెలు. ఇంజను దింపిందీ నేనే, ఎక్కించిందీ నేనే. ఇదంతా మేం ముట్టుకున్నదే."

"అదేనండీ! అచ్చమైన బతుకు! ఇలాంటివి ఇప్పుడెక్కడున్నాయి? ఆ నూరు మార్కుల కారుకిచ్చే దానికి రెట్టింపిస్తాను. ఒకటే షరతు. ఈ క్షణం ఇంజను ఆపెయ్యాలి, మళ్ళీ స్టార్టు చెయ్యకూడదు. దుమ్ము తుడవకూడదు. అద్దాల గదిలో పెట్టి చల్లగా చూసుకుంటాను."

క్లిఫర్డ్ గారు ఎంత పెద్దమనిషో అప్పుడు తెలిసింది. క్షణం కూడా తటపటాయించకుండా, "సంఘం మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. యజమాని చేసిందే చరిత్ర!" అన్నారు. మేము మళ్ళీ చప్పట్లు కొట్టాం.

డెల్మర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దిగవే నోరీన్, దిగు! మైళ్ళు పెరిగిపోతాయి! నీకు దండం పెడతాను, ఆపెయ్!"

"ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో నాకే తెలీదు" అంది నోరీన్. హెస్ గారి చేతిలోంచి కలం తీసుకుని, "ఆ కారు కాగితాలు ఇటివ్వండి. దాంట్లో నాదంటూ ఏదీ మిగల్లేదు, సంతోషంగా అమ్ముకోండి" అని సంతకం గీకి ఇచ్చేసింది. తర్వాత స్టాన్లీని దింపింది. ఆయన పైతో సహా దిగాడు.

"డెల్మర్, పొద్దు వాలితే నాకు దారి కనపడదు. దీపస్తంభం దాకా వెళ్తున్నాను. వస్తావా, కుర్చీలో కూర్చుంటావా?"

డెల్మర్ నూరు మార్కుల కారు వైపు చూశాడు. మా వైపు చూశాడు. మేము కళ్ళతోనే వద్దన్నాం. ఆయన మెల్లగా నడిచి వెళ్ళి, అలవాటు కొద్దీ సీటు మీద తువ్వాలు పరిచి కూర్చోబోయాడు.

"తువ్వాలు తీసెయ్" అంది ఆవిడ.

తీసేశాడు. కాలిన సీటు మీదే కూర్చున్నాడు. నేను కళ్ళారా చూశాను, ఎవరేమన్నా కోర్టులోనైనా చెబుతాను, ఆ సమయంలో మా డెల్మర్ నవ్వాడు. బండి పొగ కక్కుకుంటూ గేటు దాటింది. దుమ్మంతా మా కార్ల మీద వాలింది. అందరం ఈకల బ్రష్షులు అందుకున్నాం.

వాళ్ళు దీపస్తంభం దాకా వెళ్ళారట, చేపలు తిన్నారట, సాస్ సీటు మీద కార్చారట. ఆగస్టు అయ్యేదాకా ప్రతి రోజూ వెళ్ళారు. డెల్మర్ కుడి మోచెయ్యి ఎండకు కమిలి చర్మం ఊడింది. సమావేశాలకు రావడం మానేశాడు. ఎందుకు రావడం లేదని అడిగితే, "సరస్సు చాలా నీలంగా ఉందిరా" అన్నాడట. ఇది అడిగినదానికి జవాబు కాదని సంఘం అభిప్రాయపడింది.

హెస్ గారు నూరు మార్కుల కారును కొన్నారు. కాని మరీ కొత్తగా ఉందని చెప్పి సగం ధరకే తీసుకున్నారు. ఈ విషయం పొక్కగానే మా సభ్యులందరికీ జ్ఞానోదయమైంది. సంఘం అత్యవసరంగా సమావేశమై, "బతికిన కార్లు" అనే కొత్త విభాగాన్ని ఏకగ్రీవంగా ప్రవేశపెట్టింది. ఎడమ డోరుకు జింక ఎత్తులో ఒక సొట్ట, సీటు మీద సిగరెట్టు మచ్చ ఒకటి, బోనెట్ మీద కోడిగోళ్ళ గీతలు తప్పనిసరి. సొట్టలు వెయ్యడానికి స్టాన్లీ గారిని నియమించాం. చేతిలో సుత్తి, ముందర పై, వెనకాల వరసగా కార్లు. తప్పు చోట కొడితే మార్కులు పోతాయి కనుక క్లిఫర్డ్ గారు పక్కనే కొలబద్ద పట్టుకుని నిలబడుతున్నారు. కోళ్ళకు గిరాకీ పెరిగి ఊళ్ళో గుడ్లు దొరకడం లేదు.

నా బండి వంతు వచ్చే వారం. ఇవాళ ఎండ బాగా కాస్తోంది. మా ఆవిడ ఇందాకటి నుంచీ వరండాలో నిలబడి, మనమూ ఒక్కసారి సరస్సు దాకా వెళ్ళొద్దామా అని అడుగుతోంది. తొందరపడొద్దన్నాను. ముందు సొట్ట పడనివ్వమన్నాను.